1/48 పి-51డి మస్టాంగ్: అల్యూమినియం బాడీ కోసం పని డైరీ

ఇది రెండో ప్రపంచ యుద్ధ కాలపు అమెరికా యుద్ధ విమానం పి-51డి మస్టాంగ్ 1/48 స్కేలు ప్లాస్టిక్ కిట్ పని లెక్క. రంగు వేయని అల్యూమినియం బాడీ, 1944 జూన్ నాటి నలుపు తెలుపు పట్టీలు. ఆకుపచ్చ విమానమైతే చిన్నాచితకా గీతలు, అతుకులు రంగు కింద దాగిపోతాయి. వెండి రంగు కింద ఏదీ దాగదు. 1000 నంబరు శాండ్‌పేపర్ వదిలిన గీత కూడా దీపం కింద పెడితే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే ఇక్కడ రంగు గురించి కంటే రంగుకు ముందు పని గురించే ఎక్కువ రాశాను. గంటల లెక్కలో ఆరబెట్టిన సమయం కలపలేదు.

స్టేజీ 0: కొలతలు ముందే రాసి పెట్టుకోవడం

అసలు విమానం రెక్కల పొడవు 11.28 మీటర్లు, ముక్కు నుంచి తోక దాకా 9.83 మీటర్లు. 48తో భాగిస్తే 235 మి.మీ., 204.8 మి.మీ. అసలు విమానం మీద ఒక అంగుళం మోడల్ మీద 0.53 మి.మీ. ఈ ఒక్క సంఖ్య గోడకు అంటించుకుంటే చాలు, మిగతావన్నీ దాన్నుంచే వస్తాయి.

- ప్రొపెల్లర్ వ్యాసం 11 అడుగుల 2 అంగుళాలు: 71 మి.మీ.
- ప్రొపెల్లర్ కొసల పసుపు, 4 అంగుళాలు: 2.1 మి.మీ.
- పెద్ద చక్రం టైరు, 27 అంగుళాలు: 14.3 మి.మీ.
- పట్టీ వెడల్పు, 18 అంగుళాలు: 9.5 మి.మీ.
- రెక్క పైకి లేచే కోణం, డైహెడ్రల్: 5 డిగ్రీలు

కిట్ భాగాలను టేపుతో కలిపి కొలిస్తే రెక్కలు 234.5, పొడవు 204. ఈ తేడా కంటికి ఆనదు. టైరు మాత్రం 13.6 వచ్చింది. దాన్ని చివర్లో చూద్దాం.

స్ప్రూలన్నీ (భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రాలు) గోరువెచ్చని సబ్బు నీళ్లలో కడిగి ఆరబెట్టాను. అచ్చు నుంచి వచ్చిన జిడ్డు ప్లాస్టిక్ మీద ఉంటే రంగు పొరలుగా లేస్తుంది. కడగడం 10 నిమిషాల పని. ఎక్కడైనా జిడ్డు మిగిలితే ఏమవుతుందో స్టేజీ 7లో ఉంది.

మొత్తం: 2 గంటలు.

స్టేజీ 1: కాక్‌పిట్

ఇందులో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పక్క గోడలు ఇంటీరియర్ గ్రీన్, ఇన్‌స్ట్రుమెంట్ ప్యానెల్ నలుపు. నేల అసలు విమానంలో ప్లైవుడ్, దాని మీద కాలు జారకుండా వేసే నల్ల పూత. కిట్ సూచనల కాగితంలో నేల కూడా ఆకుపచ్చే అని ఉంది, దాన్ని పట్టించుకోలేదు. సీటు వెనక 85 గ్యాలన్ల ఇంధన ట్యాంకు, దాని పైన రేడియో పెట్టెలు ఉంటాయి. క్యానొపీ, అంటే పైలట్ మీది అద్దపు మూత, బుడగలా ఉంటుంది కాబట్టి ఇవన్నీ బయటికి బాగా కనిపిస్తాయి.

ఒక్క తప్పు మాత్రం రాసి పెట్టాలి. నేల భాగం అంచులకు రంగు పట్టింది. రెండు వైపులా కలిపి 0.3 మి.మీ. దాకా మందం పెరిగి బాడీ రెండు సగాలు మూసుకోలేదు. అంచుల మీద రంగు గోకేసి, 400 శాండ్‌పేపర్‌తో ఒక్కో వైపు నాలుగుసార్లు రుద్దితే సరిపోయింది. జిగురు తగిలే అంచులకు రంగు వేసే ముందే సన్నటి టేపు వేసి ఉంటే ఈ పని తప్పేది. సిమెంట్, అంటే ప్లాస్టిక్‌ను కరిగించి అతికే జిగురు, రంగు మీద ఎలాగూ పట్టదు.

ఈ స్టేజీ 6 గంటలు. మొత్తం: 8.

స్టేజీ 2: చక్రాల గుంత వెనక గోడ

చాలా కిట్‌లలో, చక్రాలు మడుచుకునే ఈ గుంత వెనక గోడను తలుపు ఆకారం ప్రకారం వంకరగా పోస్తారు. అసలు విమానంలో ఆ వెనక గోడ రెక్క ప్రధాన స్పార్, అంటే రెక్కను మోసే దూలం. అది గుంత పొడవునా తిన్నగా వెళుతుంది. గుంతను కిందికి తిప్పి చూస్తేనే కనిపించే విషయం నిజమే, కానీ ఒకసారి కనిపించాక కన్ను అక్కడే ఆగిపోతుంది.

1. కిట్ ఇచ్చిన గోడను చిన్న రంపంతో కోసి తీసేయాలి. కత్తితో నొక్కి కోస్తే రెక్క పై పలక మీద తెల్లటి ఒత్తిడి మచ్చ పడుతుంది.
2. 0.5 మి.మీ. ప్లాస్టిక్ షీటు నుంచి పట్టీ కోయాలి. బాడీ వైపు ఎత్తు 6.2 మి.మీ., బయటి వైపు 5.1.
3. జిగురు పెట్టకుండా రెక్క పై పలక మూసి చూడాలి. మొదటిసారి 0.4 మి.మీ. ఎత్తు ఎక్కువై రెక్క వెనక అంచు తెరుచుకుంది. గోడ పై అంచు అరగదీశాను.
4. స్పార్‌కు జింక్ క్రోమేట్ పసుపు, మిగతా గుంతకు అల్యూమినియం.

ఈ స్టేజీ 4.5 గంటలు. మొత్తం: 12.5.

స్టేజీ 3: బాడీ అతుకు, మళ్లీ తెరుచుకున్న గీత

రెండు సగాలను పల్చటి సిమెంట్‌తో అతికించి, నొక్కినప్పుడు కరిగిన ప్లాస్టిక్ సన్నటి పూసలా బయటికి వచ్చేలా చేశాను. పద్ధతి మంచిదే. ఆగాల్సినంత సేపు ఆగకపోవడమే తప్పయింది. 12 గంటలకే పూస గట్టిగా అనిపించింది, 400తో మొదలుపెట్టి 1000 దాకా అరగదీశాను. వేలితో తడిమితే అద్దంలా ఉంది. మూడో రోజు చూస్తే వీపు పొడవునా జుట్టు సన్నం గాడి.

కారణం ఇది. సిమెంట్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, కరిగిన చోటు కాస్త ఉబ్బుతుంది. ద్రావకం ఆవిరయ్యే కొద్దీ అదే చోటు కుంగుతుంది. ఉబ్బి ఉండగా సమం చేస్తే, కుంగాక గాడి మిగులుతుంది. ఆలివ్ రంగైతే ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) రెండు పొరలతో పోయేది. వెండి రంగు కింద పోదు.

సరిచేసిన తీరు:

1. నల్ల సూపర్ గ్లూను టూత్‌పిక్‌తో గాడి పొడవునా రాయడం. నల్లది ఎందుకంటే ఎక్కడ నిండిందో, ఎక్కడ నిండలేదో కంటికి కనిపిస్తుంది.
2. సూపర్ గ్లూను వెంటనే గట్టిపరిచే ద్రవం, యాక్సిలరేటర్, ఒక్క చుక్క.
3. గంటలోపు అరగదీయడం. ఒక రోజు ఆగితే సూపర్ గ్లూ ప్లాస్టిక్ కంటే గట్టిపడుతుంది. అప్పుడు శాండ్‌పేపర్ రెండు పక్కల ప్లాస్టిక్‌నే తింటుంది, మధ్యలో గట్టు నిలిచిపోతుంది.
4. శాండ్‌పేపర్‌ను వేలితో పట్టుకోకుండా, రబ్బరు ముక్కకు చుట్టి వాడటం. వేలి మెత్తదనం గాడిలోకి దిగి గాడినే పెంచుతుంది.

వీపు మీద పోయిన ప్యానెల్ లైన్లను (రేకుల అతుకు గీతలను) గట్టి లేబుల్ టేపు అంచుగా పెట్టి స్క్రైబర్‌తో, అంటే గీత చెక్కే పరికరంతో, మళ్లీ గీశాను. మొదటి మూడు లాగుళ్లు దాదాపు బరువు లేకుండా లాగాలి. సూపర్ గ్లూ దాటే చోట పరికరం పక్కకు జారుతుంది. అక్కడ రెండు వైపుల నుంచీ మధ్యకు లాగితే జారలేదు.

పొట్ట కింద రేడియేటర్ గాలి దారి లోపలి అతుకును బాడీ మూయకముందే నునుపు చేయాలి. మూశాక అక్కడికి ఏ పరికరమూ పోదు.

ఈ స్టేజీ 7 గంటలు, అందులో 3 తప్పు దిద్దడానికే. మొత్తం: 19.5.

స్టేజీ 4: రెక్క మొదలు దగ్గర సందు, డైహెడ్రల్

రెక్క కింది పలక ఒకే ముక్క, పై పలకలు రెండు. బాడీకి అమర్చి చూస్తే ఎడమవైపు గోరు దూరదు, కుడివైపు 0.6 మి.మీ. సందు. ఇలాంటి చోట చేయి ముందు పుట్టీ డబ్బా మీదికే పోతుంది. ఆగి కొలిస్తే అసలు సంగతి తెలిసింది.

రెక్క మొదలు నుంచి కొస దాకా 107 మి.మీ. 5 డిగ్రీలకు ఆ దూరంలో కొస 9.4 మి.మీ. లేవాలి. ఎడమ రెక్క 9.2 లేచింది, కుడి 7.9. అంటే కుడి రెక్క 4.2 డిగ్రీల దగ్గరే ఆగింది. కొస కిందికి వాలితే రెక్క మొదలు పై అంచు బాడీ నుంచి దూరం జరుగుతుంది. సందు పడింది అందుకే. పుట్టీ పెట్టి ఉంటే సందు మూసుకునేది, ఒక రెక్క వాలిన విమానం మాత్రం అలాగే మిగిలేది. ముందు నుంచి చూసినప్పుడు ఆ 1.3 మి.మీ. తేడాను ఏ రంగూ కప్పలేదు.

చేసిన పని:

1. బాడీ లోపల, రెక్క మొదళ్ల మధ్య ఒక స్ప్రూ ముక్కను అడ్డు కర్రలా బిగించడం. లోపలి వెడల్పు 17.8 ఉంటే ముక్క 18.2. బాడీ గోడలు ఒక్కోటి 0.2 బయటికి జరిగాయి.
2. ఒక కొస నుంచి ఇంకో కొసకు కాక్‌పిట్ మీదుగా మాస్కింగ్ టేపు లాగి కట్టడం. కుడి కొస 9.5 దాకా లేచేలా లాగాను, ఎందుకంటే టేపు తీశాక కొంచెం వెనక్కి వస్తుంది.
3. ఆ స్థితిలోనే రెక్క మొదలుకు పల్చటి సిమెంట్ చుక్కలు పెట్టడం.
4. 24 గంటలు కదపకూడదు.

టేపు తీశాక ఎడమ 9.3, కుడి 9.1. సందు 0.1 లోపు. మిగిలిన దానికి తెల్ల పుట్టీ పూసి, ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడిచాను. శాండ్‌పేపర్ అవసరమే రాలేదు, పక్కనున్న రివెట్లు అలాగే మిగిలాయి.

అడ్డు కర్ర మొదటిసారి 18.6 కోశాను. అప్పుడు కాక్‌పిట్ పక్క అంచులు విచ్చుకుని క్యానొపీ పట్టాల మధ్య దూరం పెరిగింది. 0.4 కంటే ఎక్కువ తోయకండి.

ఈ స్టేజీ 9 గంటలు. మొత్తం: 28.5.

స్టేజీ 5: రెక్క మీద రివెట్లు పూడ్చడం

ఈ కిట్ రెక్క నిండా అందమైన రివెట్లు ఉన్నాయి. వాటిని పూడ్చడానికి మనసు ఒప్పదు, కానీ పూడ్చాలి. మస్టాంగ్ రెక్క లామినార్ ఫ్లో రెక్క. గాలి పొర చెదరకుండా ఉండాలని ఫ్యాక్టరీలోనే రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో దాదాపు 40 శాతం వరకు రేకుల అతుకుల్నీ రివెట్లనీ పుట్టీతో నింపి, నునుపు చేసి, ప్రైమర్ వేసి, పైన అల్యూమినియం రంగు కొట్టేవారు. కాబట్టి బాడీ మీద కనిపించేది లోహం, రెక్క మీద కనిపించేది వెండి రంగు. రెండూ ఒకేలా మెరిస్తే అది మస్టాంగ్ కాదు. ఈ మోడల్ అంతటికీ ఇదే కీలకం అని నా గట్టి నమ్మకం.

పూడ్చకుండా ఉంచాల్సినవి: తుపాకుల, తూటాల అర మూతలు, ఇంధనం మూతలు, రెక్క వెనక అంచున కదిలే ఫ్లాప్, ఎయిలరాన్ గీతలు.

మూడు పద్ధతులు ఎడమ రెక్క కింది వైపు చిన్న చోట్ల వేసి చూశాను.

ట్యూబు పుట్టీ: నిండింది, కానీ ఆరాక ప్రతి గీతలోనూ కుంగింది. రెండోసారి పెట్టినా అంతే. గీత సన్నం కాబట్టి పుట్టీ అడుగు దాకా దిగలేదు, అడుగున గాలి మిగిలి తర్వాత చిన్న చిన్న గుంటలు తేలాయి.

సూపర్ గ్లూ: కుంగలేదు. కానీ 300 పైగా రివెట్లున్న చోట గంటలోపు అరగదీయడం కుదిరే పని కాదు. ఆలస్యమైన చోటల్లా గట్టు తేలింది.

బుడ్డీలో దొరికే చిక్కటి ద్రవ ప్రైమర్, 500 రకం: ఇదే పనికొచ్చింది. బ్రష్‌తో గీతకు అడ్డంగా ఒక పొర, గంట తర్వాత గీత వెంబడి ఇంకోటి, మరో గంటకు మూడోది. 24 గంటలు ఆరాక రబ్బరు ముక్కకు చుట్టిన 600, తర్వాత 1000, రెండూ నీళ్లతో. ఒక్కో పొర కొంచెం కుంగుతుంది, అందుకే మూడు. ప్లాస్టిక్ కంటే మెత్తన కాబట్టి చుట్టూ ప్లాస్టిక్ తినలేదు.

చూసుకోవాల్సింది రెక్క ముందు అంచు గుండ్రదనం. శాండ్‌పేపర్‌ను రెక్క కొస వైపే లాగాలి, ముందుకీ వెనక్కీ కాదు. కుడి రెక్క మీద ఇది మరిచి తుపాకీ గొట్టాల పక్కన 8 మి.మీ. మేర అంచు బల్లపరుపుగా తయారైంది. మళ్లీ అదే ద్రవ ప్రైమర్ నాలుగు పొరలు పోసి గుండ్రం తెప్పించాను.

ఈ స్టేజీ 8 గంటలు. మొత్తం: 36.5. ఇక్కడి దాకా ఖర్చైన శాండ్‌పేపర్: 400 ఒకటి, 600 రెండు, 1000 రెండు షీట్లు.

స్టేజీ 6: ప్రైమర్, గ్లాస్ బ్లాక్

ముందుగా బూడిద రంగు 1500 ప్రైమర్, ఒక భాగానికి రెండు భాగాలు లాకర్ థిన్నర్ (లాకర్ అంటే త్వరగా ఆరే ద్రావకపు రంగు), ఎయిర్‌బ్రష్ గాలి ఒత్తిడి 15 పీఎస్‌ఐ. దీని పని తప్పులు బయటపెట్టడం. దీపాన్ని పక్క నుంచి, రెక్కకు దాదాపు సమాంతరంగా పెట్టి చూస్తే 11 చోట్లు తేలాయి: వీపు మీద రెండు, పొట్ట కింద మూడు, రెక్కల మీద ఆరు. ప్రతి చోటా పెన్సిల్‌తో సున్నా చుట్టి, దిద్ది, ఆ చోటుకే మళ్లీ ప్రైమర్. రెండో చూపులో మూడు, మూడో చూపులో ఏమీ లేవు.

లోహపు రంగు కింద వేసే గ్లాస్ బ్లాక్, అంటే మెరిసే నలుపు, ఎంత నున్నగా ఉంటే పైన అంత లోహంలా కనిపిస్తుంది. మొదటి ప్రయత్నం చెడింది. ఉపరితలమంతా నారింజ తొక్కలా చిన్న గుంటలు. పెట్టిన లెక్క: ఒకటికి ఒకటిన్నర థిన్నర్, 20 పీఎస్‌ఐ, 12 సెం.మీ. దూరం. రంగు చుక్క మోడల్‌ను చేరేలోపే సగం ఆరిపోతోంది, పడ్డ చోట పరుచుకోవడానికి దానికి తడి లేదు.

మార్చినవి:

1. నెమ్మదిగా ఆరే లెవెలింగ్ థిన్నర్, ఒకటికి రెండున్నర.
2. 12 పీఎస్‌ఐ.
3. దూరం 5 నుంచి 6 సెం.మీ.
4. రెండు పొగలాంటి పొరలు, 10 నిమిషాలు ఆగి ఒక తడి పొర. తడి పొర అంటే దీపం ప్రతిబింబం రంగులో కదులుతూ కనిపించాలి, కారకూడదు.

మార్చే ముందు పాడైన పొరను 48 గంటలు ఆరనిచ్చి 2000తో, తర్వాత 4000 పాలిషింగ్ గుడ్డతో నీళ్లు పెట్టి సమం చేశాను. అంచుల దగ్గర నలుపు తెగి ప్లాస్టిక్ కనిపించింది. రెండో పొర దాన్ని కప్పింది. స్ప్రే చేశాక మోడల్‌ను పెద్ద డబ్బా కింద బోర్లించి పెట్టాను. తడి నలుపు మీద పడ్డ ఒక్క దూది పోగు వెండి కింద పురుగులా కనిపిస్తుంది.

లాకర్ ఆవిరి ప్రమాదకరం. ఆర్గానిక్ ఆవిరి ఫిల్టరున్న మాస్క్, గాలిని బయటికి తోసే ఫ్యాను లేకుండా ఈ స్టేజీ మొదలుపెట్టకండి. దుమ్ము మాస్క్ ఆవిరిని ఆపదు.

ఈ స్టేజీ 9.5 గంటలు. మొత్తం: 46.

స్టేజీ 7: అల్యూమినియం

బాడీకి లోహపు లాకర్, థిన్నర్ కలపకుండా, 12 పీఎస్‌ఐ, ఐదారు పొగ పొరలు. నలుపు కనిపించకుండా పోయిన వెంటనే ఆపాలి. ఇంకా కొడితే మెరుపు తగ్గి బూడిద అవుతుంది. ఇంజిన్ పక్క రేకులు రెండు, వీపు మీద ఒకటి కొంచెం ముదురు షేడు. మూడు చాలు; ప్రతి రేకుకూ ఒక షేడు వేస్తే అతుకుల బొంతలా తయారవుతుంది.

రెక్కలకు వేరే సీసా, మామూలు వెండి రంగు లాకర్. తోక నిలువు చుక్కాని గుడ్డతో కప్పినది, తోక అడ్డ రెక్క వెనక కదిలే ఎలివేటర్లు కూడా ఆ కాలపు విమానాల మీద గుడ్డవే. వాటికీ ఈ వెండి రంగే.

మాస్కింగ్ తీస్తుండగా తోక ఎడమవైపు 4 బై 7 మి.మీ. ముక్క నలుపుతో సహా లేచి టేపుకు వచ్చింది. కింద ప్లాస్టిక్ మెరుస్తోంది. అది వేలి జిడ్డు. అక్కడ చివరగా అరగదీసినప్పుడు వేళ్లతో పట్టుకుని, ప్రైమర్‌కు ముందు తుడవలేదు. లేచిన చోటు అంచులను 4000తో మెట్టు లేకుండా పల్చన చేసి, ప్రైమర్, నలుపు, వెండి మూడూ ఆ చోటుకే మళ్లీ వేశాను. ఒక పూట పని. ఆ తర్వాత రెండు మార్పులు: మోడల్‌ను నైట్రైల్ తొడుగులతో మాత్రమే పట్టుకోవడం, టేపును వాడే ముందు రెండుసార్లు అరచేతి వెనక అంటించి జిగురు బలం తగ్గించడం. టేపును పైకి కాకుండా తన మీదికే మడిచి, నెమ్మదిగా వెనక్కి లాగాలి.

ముక్కు మీద, విండ్‌స్క్రీన్ ముందు ఎండ కళ్లలో పడకుండా ఉండే ఆలివ్ డ్రాబ్ పట్టీ చివర్లో.

ఈ స్టేజీ 6 గంటలు. మొత్తం: 52.

స్టేజీ 8: పట్టీలు

నార్మండీ దాడికి ముందు మిత్రపక్షాల విమానాలకు ఇచ్చిన ఆదేశంలో ఒక ఇంజిన్ విమానాల కొలతలు స్పష్టంగా ఉన్నాయి. ఐదు పట్టీలు, తెలుపు, నలుపు, తెలుపు, నలుపు, తెలుపు, ఒక్కోటి 18 అంగుళాలు. రెక్క మీద జాతీయ గుర్తుకు లోపలి వైపు 6 అంగుళాల ముందు ఆగాలి. బాడీ మీద చివరి పట్టీ వెనక అంచు తోక అడ్డ రెక్క ముందు అంచుకు 18 అంగుళాల ముందు ఉండాలి. మోడల్ మీద: ఐదూ కలిపి 47.6 మి.మీ., గుర్తుకు 3.2, తోకకు 9.5.

ఇక్కడొక జాగ్రత్త. పట్టీలు రెక్క పైనా కిందా ఉన్నాయంటే విమానం 1944 జూన్ నాటిది. అప్పటి తొలి డి మోడల్ విమానాలకు తోక ముందు వీపు మీద ఉండే ఆ త్రికోణపు ఫిన్ లేదు, అది తర్వాత వచ్చింది. కిట్‌లో రెండు రకాల తోకలూ ఉంటే డెకాల్ (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తుల బొమ్మ) ఎంచుకోకముందే ఈ సంగతి తేల్చుకోండి.

మొదటి పద్ధతిలో ఒక పట్టీ పక్కన ఇంకో పట్టీ పేర్చుకుంటూ పోయాను. ఒక్కో టేపు కోతలో 0.3 మి.మీ. తేడా, ఐదో పట్టీ దగ్గరికి 1.2 అయింది. ఎడమ రెక్క 47.9, కుడి 49.1. రంగు వేయకముందే కొలిచాను కాబట్టి టేపు మాత్రమే పోయింది.

రెండో పద్ధతి:

1. ఒకే అంచును ఆధారం చేసుకుని అక్కడి నుంచే 9.5, 19.0, 28.6, 38.1, 47.6 డివైడర్‌తో గుర్తులు.
2. 47.6 వెడల్పూ మొత్తం తెలుపు. మూడు పల్చటి పొరలు. ఒకే మందపాటి పొర వేస్తే అంచున గట్టు కడుతుంది.
3. 24 గంటల తర్వాత తెల్లగా ఉండాల్సిన మూడింటినీ మూసి నలుపు.

బాడీ మీద కథ వేరు. బాడీ తోక వైపు సన్నబడుతుంది, కాబట్టి తిన్నటి టేపు చుట్టూ తిప్పితే మొదలుకే తిరిగి రాదు. పొట్ట కింద 1.5 మి.మీ. ముందుకు పోయింది. 2 మి.మీ. సన్నటి వంగే టేపు తీసుకుని, వీపు, పొట్ట, రెండు పక్కలు, మొత్తం నాలుగు గుర్తుల మీదుగా తిప్పాను. ముందు సన్న టేపుతో అంచు, ఆ తర్వాతే వెడల్పు టేపుతో మిగతాది.

నిజానికి అప్పట్లో చాలా విమానాలకు ఈ పట్టీలను హడావిడిగా బ్రష్‌లతోనే వేశారు, అంచులు అంత తిన్నగా ఉండవు. మీరు ఎంచుకున్న విమానం ఫొటోలో అంచులు వంకరగా ఉంటే టేపు లేకుండా బ్రష్‌తో వేయడమే నిజాయితీ. నేను ఎంచుకున్నదానివి తిన్నగానే ఉన్నాయి.

ఈ స్టేజీ 5.5 గంటలు. మొత్తం: 57.5.

స్టేజీ 9: డెకాల్స్

మెత్తబరిచే ద్రావణాన్ని నేరుగా మోడల్ మీద వాడకండి. అదే రంగు వేసిన ప్లాస్టిక్ చెంచా మీద ముందు పరీక్షించాను: ఒక ద్రావణం పది నిమిషాల్లో లోహపు రంగు మీద గోధుమ మచ్చ వదిలింది. దాన్ని పక్కన పెట్టి పల్చటిది వాడాను. అదే చెంచా మీద క్లియర్ (రంగులేని పై పూత) కూడా కొట్టి చూస్తే బాడీ మెరుపు సగానికి పడిపోయింది. అందుకే క్లియర్ రెక్కలకు, పట్టీలకు మాత్రమే. బాడీకి లేదు. బాడీ మీద డెకాల్ ఫిల్మ్ అంచు కనిపించకుండా ప్రతి అక్షరం చుట్టూ ఫిల్మ్‌ను కొత్త బ్లేడుతో కోసేశాను.

పట్టీల మీద పడ్డ ఒక అక్షరం కింద గాలి చిక్కి తెల్లగా మెరిసింది. నలుపు కొంచెం గరుకుగా ఉంది, క్లియర్ అక్కడికి సరిగ్గా అందలేదు. సూదితో పది పన్నెండు చోట్ల గుచ్చి, ద్రావణం పెట్టి, తడి దూదితో అదిమితే ముప్పాతిక వంతు పోయింది.

ఈ స్టేజీ 5 గంటలు. మొత్తం: 62.5.

స్టేజీ 10: కాళ్లు, ప్రొపెల్లర్, క్యానొపీ

టైర్లు 13.6 ఉన్నాయని మొదట్లో చెప్పాను. 0.7 మి.మీ. చిన్నదిగా ఉంటే విమానం కుంగినట్టు కనిపిస్తుంది. విడిగా దొరికే రెజిన్ చక్రాలు 14.2 వచ్చాయి, అవే పెట్టాను. ఇరుసు రంధ్రం 0.2 పెద్దది చేయాల్సి వచ్చింది.

కాళ్లు అతికించి అద్దం పలక మీద నిలబెడితే ఎడమ రెక్క కొస నేల నుంచి కుడిదాని కన్నా 1.8 మి.మీ. ఎత్తు. డైహెడ్రల్ సరిగ్గానే ఉంది కాబట్టి తప్పు కాళ్లదే. కుడి కాలు గుంతలో పూర్తిగా లోపలికి దిగిపోయింది. రెండు కాళ్ల మధ్య దూరం కొస దూరంలో సుమారు మూడో వంతు, కాబట్టి కాలి దగ్గర 0.6 మి.మీ. దిద్దితే కొస దగ్గర 1.8 పోతుంది. గుంతలో 0.5 షీటు ముక్క పెట్టాను. మిగిలిన తేడా 0.3.

విమానం ఆగి కొంతసేపైతే హైడ్రాలిక్ ఒత్తిడి తగ్గి లోపలి చక్రపు తలుపులు, ఫ్లాపులు కిందికి వాలతాయి. అందుకే రెండూ దించి పెట్టాను. క్యానొపీ వెనక ఉన్న కర్ర వీహెచ్‌ఎఫ్ రేడియో యాంటెన్నా, దానికి తీగ ఉండదు. అక్కడి నుంచి తోకకు దారం లాగకండి.

క్యానొపీకి సూపర్ గ్లూ వాడితే దాని ఆవిరి అద్దం లోపల తెల్లటి మంచులా పడుతుంది. తెల్ల పీవీఏ జిగురు చాలు. పొరపాటున అంటితే నీళ్లతో తుడిచేయొచ్చు. ప్రొపెల్లర్ కొసల పసుపుకు ముందు తెలుపు వేయాలి, నలుపు మీద పసుపు నేరుగా వేస్తే ఆకుపచ్చగా తిరుగుతుంది.

ఎగ్జాస్ట్ మసి: బూడిద, గోధుమ కలిపి, ఒకటికి పది థిన్నర్, 8 పీఎస్‌ఐ, గొట్టాల వెనక నుంచి రెక్క మొదలు దాకా.

ఈ స్టేజీ 6.5 గంటలు. మొత్తం: 69 గంటలు. చివరి కొలతలు: రెక్కలు 234.6, పొడవు 204.2, ప్రొపెల్లర్ 70.5, డైహెడ్రల్ వల్ల కొస లేచిన ఎత్తు ఎడమ 9.3, కుడి 9.1, అన్నీ మి.మీ. దిద్దకుండా వదిలినది ఒకటి: కుడి రెక్క కింద, తుపాకుల వెనక, పూడ్చిన రెండు రివెట్లు క్లియర్ ఆరాక మళ్లీ చుక్కల్లా కుంగాయి. దిద్దాలంటే నలుపు పొర దాకా తీయాలి, పక్కనే పట్టీ అంచు ఉంది. ఇంకో రోజు ఆరనిచ్చి నాలుగో పొర పోసి ఉంటే ఇది ఉండేది కాదు. తర్వాతి రెక్కకు 24 గంటల బదులు 48 అని రాసుకున్నాను.